పార్మాలో అసలైన పార్మా భోజనం: టేబుల్ బుక్ చేయడం నుంచి బిల్లు కట్టేదాకా

పార్మా యూనివర్సిటీలో చేరడానికి వచ్చే పిల్లలు, వాళ్లని చూడడానికి వచ్చే అమ్మానాన్నలు, మిలానో నుంచి బొలోన్యాకి పోతూ ఒక పూట దిగేవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "ఇక్కడ మంచి ఇటాలియన్ ఫుడ్ ఎక్కడ దొరుకుతుంది?"

అలా వెతికితే ఇటలీలో ఏ ఊళ్లోనైనా దొరికే పిజ్జా, కార్బొనారానే దొరుకుతాయి. పార్మా సుమారు 2 లక్షల జనాభా ఉన్న చిన్న ఊరు. కానీ 2015 నుంచి యునెస్కో గ్యాస్ట్రానమీ (తిండి సంస్కృతి) నగరాల జాబితాలో ఉంది, ఈ ఊరి వంట ఈ ఊరిదే. కాబట్టి హోటల్ పేరుతో మొదలుపెట్టకండి. ముందు ఏం తినాలో తేల్చుకోండి, తర్వాత ఏ పూట తినాలో, ఆ తర్వాతే ఎక్కడ తినాలో. ఈ వరస తిరగబడితే ఎంత పేరున్న చోటికి వెళ్లినా మామూలు భోజనమే చేసి బయటికొస్తారు.

## 1. ముందు వంటకం తేల్చుకోండి

ఇక్కడి వంటలో వెన్న, గుడ్డు వేసి కలిపిన పిండి, పార్మిజానో చీజ్, పంది మాంసం ముఖ్యం. టమాటా, వెల్లుల్లి, కారం దక్షిణ ఇటలీ సంగతి. ఇది తెలియకుండా కూర్చుంటే "చప్పగా ఉంది" అనిపించడం ఖాయం.

తోర్తెల్లి ది ఎర్బెత్తా. మొదటిసారి వచ్చేవాళ్లు తినాల్సింది ఇదే. పలుచగా ఒత్తిన పిండి పొరల మధ్య ఆకుకూర, రికోత్తా (మెత్తటి తాజా చీజ్), పార్మిజానో పెట్టి చతురస్రాలుగా కోసి, ఉడికించి, కరిగిన వెన్న, తురిమిన చీజ్ ధారాళంగా పోసి ఇస్తారు. టమాటా సాస్ ఉండదు, ఉండకూడదు కూడా.

తోర్తెల్లి ది జుక్కా. ఇందులో గుమ్మడికాయ ఉంటుంది. తియ్యగా ఉంటుందని ముందే తెలుసుకోండి. భోజనం మధ్యలో తీపి తగిలితే ఇబ్బంది పడేవాళ్లు ప్లేటు మొత్తం ఆర్డర్ చేయకండి.

అనొలీని ఇన్ బ్రోదో. గోళీ కంటే కొంచెం పెద్ద పాస్తా, లోపల మాంసం నెమ్మదిగా ఉడికించిన రసంలో నానిన బ్రెడ్ పొడి, చీజ్. దాన్ని మాంసం కాచిన వేడి నీళ్లలో ఇస్తారు. క్రిస్మస్‌కి ఇక్కడ ప్రతి ఇంట్లో చేసేది ఇదే, చలికాలంలో దీన్ని మించింది లేదు. జూలై మధ్యాహ్నం ఆర్డర్ చేస్తే మాత్రం చెమటలు పడతాయి.

తోర్తా ఫ్రిత్తా, సలూమి. సలూమి అంటే ఉప్పు పెట్టి నిల్వచేసిన పంది మాంసం రకాలు. తోర్తా ఫ్రిత్తా అంటే వేయించిన పిండి, మన పూరీలాగే పొంగుతుంది, కాకపోతే నలుచదరంగా ఉంటుంది, లోపల గాలే తప్ప ఏమీ ఉండదు. బుట్టలో వేడివేడిగా తెస్తారు. దాని మీద ప్రొషూత్తో ముక్క పరిచి ఒక్క క్షణం ఆగండి. వేడికి కొవ్వు అంచు తెలుపు పోయి గాజులా పారదర్శకంగా మారుతుంది, అప్పుడు మడిచి నోట్లో పెట్టుకోవాలి. చల్లారాక రబ్బరులా సాగుతుంది, కాబట్టి ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు.

సలూమిలో మూడు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ప్రొషూత్తో ది పార్మా దక్షిణాన లాంగిరానో వైపు కొండల్లో ఆరబెట్టిన పంది తొడ, అందులో ఉప్పు తప్ప ఇంకేమీ కలపరు. కులాతెల్లో ది జిబెల్లో ఉత్తరాన పో నది పక్కన పొగమంచు పల్లపు ఊళ్లలో తయారవుతుంది, ధర ఎక్కువ. ఫెలీనో సలామీ ఈ రెండింటికంటే చవక, మెత్తగా ఉంటుంది.

## 2. శాకాహారులు ఈ భాగం తప్పకుండా చదవండి

మాంసం కనపడకపోతే శాకాహారమే అనుకోవడం దగ్గరే సగం గొడవలు మొదలవుతాయి. ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెప్తాను.

పార్మిజానో రెజ్జానో చీజ్‌ని దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తోనే తోడుపెడతారు. నిబంధనే అది, వేరే రకం ఉండదు. దీన్ని పట్టించుకునేవాళ్లకి పార్మాలో తోర్తెల్లి కూడా కుదరదు. పట్టించుకోనివాళ్లకి పర్వాలేదు. ఇది ఎవరికి వాళ్లే ముందే తేల్చుకోవాల్సిన విషయం, టేబుల్ దగ్గర కూర్చుని తేల్చుకునేది కాదు.

తోర్తా ఫ్రిత్తాని సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు, దాని పేరు స్త్రుత్తో. కొన్నిచోట్ల నూనెలో వేయిస్తారు కానీ పిండిలోనే కాస్త కొవ్వు కలిపి ఉండొచ్చు. రెండూ అడగాలి.

రిసోత్తో (జారుగా వండే అన్నం) కూరగాయలదే అయినా ఉడికించే నీళ్లు మాంసం కాచినవి కావచ్చు. మినెస్త్రోనే సూప్‌లో పంది కొవ్వు ముక్కలు వేసే వంటవాళ్లున్నారు. పన్నకోత్తా అనే మీగడ స్వీటులో పశువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. తిరమిసూలో గుడ్డు ఉంటుంది, చాలాచోట్ల మద్యం కూడా.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. బయట మనకి తెలిసిన పెస్తో తులసి ఆకుల పచ్చటి సాస్. అది పక్కనున్న లిగూరియా ప్రాంతానిది. పార్మాలో శాండ్‌విచ్ కొట్టు బోర్డు మీద "పెస్తో" లేదా "కవాల్లో పెస్తో" అని కనిపిస్తే అది పచ్చి గుర్రం మాంసం ఖీమా. నిజంగానే. ఈ ఊరివాళ్లకి అది ఇష్టమైన తిండి, బాహాటంగానే అమ్ముతారు. ఆకుపచ్చ సాస్ అనుకుని ఆర్డర్ చేయకండి.

గుడ్డు కూడా తినరా? అప్పుడు తాజా పాస్తా, అంటే తోర్తెల్లి, తల్యతెల్లె అన్నీ వదిలేయాల్సిందే. గోధుమ రవ్వతో చేసిన ఎండు పాస్తా, టమాటా సాస్‌తో, చీజ్ వేయకుండా అడగండి. ఏ త్రత్తోరియాలోనైనా (ఇంటి తరహా వంట పెట్టే హోటల్) చేసిపెడతారు. రుచి మామూలుగా ఉంటుంది, కానీ కడుపు నిండుతుంది.

పంది, మద్యం ముట్టనివాళ్లు రగూ (మాంసం సాస్) అన్న పేరు చూసి ఆగండి. అందులో గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి వేయడం, వైన్ పోయడం మామూలు. గొడ్డు మాంసం తినని వాళ్లకీ ఇదే మాట.

వెయిటర్‌తో అనాల్సిన మాటలు, ఉన్నదున్నట్టు చదవండి, అర్థమవుతుంది:

- "సొనో వెజెతరియానో, నొన్ మాంజో నె కార్నె నె పెషె": నేను శాకాహారిని, మాంసం, చేప తినను. ఆడవాళ్లు "వెజెతరియానా" అనాలి.
- "చె లో స్త్రుత్తో?": పంది కొవ్వు ఉందా?
- "ఇల్ బ్రోదో ఎ ది కార్నె?": ఆ రసం మాంసం కాచిందా?
- "సెంజా ఫొర్మాజ్జో": చీజ్ వద్దు.

అలర్జీలుంటే మెనూ చివర చూడండి, లేదా జాబితా అడగండి. యూరప్ చట్టం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు ఇవ్వాల్సిందే. కానీ ఆ జాబితాలో పంది కొవ్వు ఉండదు, అది నోరు తెరిచి అడగాల్సిందే.

## 3. రోజు, వేళ చూసుకోండి

మధ్యాహ్నం 12:30 నుంచి 2:30, రాత్రి 7:30 నుంచి సుమారు 10. మధ్యలో వంటిల్లు మూసేస్తారు. మన అలవాటు ప్రకారం మూడింటికి భోజనానికి బయల్దేరితే ఎదురయ్యేవి బార్లు, శాండ్‌విచ్‌లు, లేదా టూరిస్టుల కోసం తెరిచి ఉంచిన హోటళ్లు.

ప్రతి హోటల్‌కీ వారంలో సెలవు ఉంటుంది, చాలావాటికి ఆదివారం రాత్రో సోమవారమో. ఆగస్టు 15 చుట్టూ కొన్ని వారాలు ఊరే సగం మూతపడుతుంది. ఆ రోజుల్లో వస్తే ఒకటికి నాలుగు చోట్లు రాసుకుని, ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

డబ్బు ఆలోచించుకునేవాళ్లకి పనిరోజుల మధ్యాహ్నమే సరైనది. "ప్రాంజో ది లవోరో" అని ఆఫీసువాళ్ల కోసం తక్కువ ధరకి ఒక పాస్తా, ఒక కూర, నీళ్లు, కాఫీ కలిపి ఇచ్చే చోట్లు ఉంటాయి. పలక మీద చాక్‌పీస్‌తో రాసి బయట పెడతారు. స్టూడెంట్లు ఇలాంటివే వెతకండి. రోజూ తినడానికి యూనివర్సిటీ మెన్సా (క్యాంటీన్) ఎలాగూ ఉంది.

బుకింగ్ విషయం. శుక్ర, శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం బుక్ చేయకుండా వెళ్లకండి. ఫోన్‌లో అనాల్సింది: "వొర్రెయ్ ప్రెనొతారె పెర్ క్వాత్రో, స్తసేరా అల్లె ఒత్తో", అంటే నలుగురికి, ఈ రాత్రి ఎనిమిదింటికి. ఇటాలియన్ రాదని భయమైతే పొద్దున పదకొండు ప్రాంతంలో నేరుగా వెళ్లి అడగండి, అప్పుడు సిబ్బంది తీరిగ్గా ఉంటారు. ఎనిమిదిమంది గుంపుగా వెళ్తుంటే మరీ ముందు చెప్పాలి, ఇక్కడి హాళ్లు చిన్నవి.

## 4. ఇప్పుడు చోటు

స్టేషన్ నుంచి ఊరి మధ్యనున్న గరిబాల్ది చౌక్‌కి నడిచే దూరమే. ముఖ్యమైనవన్నీ ఆ చుట్టుపక్కలే.

కూర్చుని పద్ధతిగా మొదటి భోజనం చేయాలనుకుంటే కొన్సెర్వతోరియో వీధిలోని త్రత్తోరియా కొరియేరి, లేదా సందులో ఉండే త్రత్తోరియా దెల్ త్రిబునాలె. రెండూ పర్యాటకులకి బాగా తెలిసినవే, జనం ఉంటారు, హడావుడి ఉంటుంది. తోర్తెల్లి, తోర్తా ఫ్రిత్తా, సలూమి అన్నీ ఒకే చోట దొరుకుతాయి కాబట్టి అమ్మానాన్నల్ని తీసుకెళ్లడానికి ఇవి సులువు. ఫరీని వీధిలో సొరెల్లె పిక్కి ఉంది, ముందు సలూమి కొట్టు, వెనక భోజనం. నన్నడిగితే మధ్యాహ్నానికి ఇలాంటి చోటే హాయి.

కాస్త ఖర్చు పెట్టి పాతకాలం పద్ధతిలో వడ్డించే చోటు కావాలంటే గ్రాంషి వీధిలోని కొక్కి. బండి మీద తోసుకొచ్చి ఉడికించిన మాంసం మీ ముందే కోసి వడ్డించే పద్ధతి అక్కడ ఉంది. శాకాహారులు వెళ్లి చేసేదేమీ లేదు.

గుమ్మడికాయ తోర్తెల్లి కోసమే అయితే ఊరి బయట కొలొరేతోలో ఉన్న ఐ దూఎ ప్లతాని. అక్కడికి బస్సు, టాక్సీ చూసుకోవాలి, టేబుల్ దొరకడం కష్టం కాబట్టి చాలా ముందుగా బుక్ చేయాలి. అప్పటికప్పుడు వెళ్తే తిరిగి రావాల్సిందే.

నిలబడి తినేసి రైలెక్కేవాళ్లకి పెపెన్. గరిబాల్ది చౌక్ పక్క సందులో చిన్న శాండ్‌విచ్ కొట్టు, మధ్యాహ్నం క్యూ ఉంటుంది. పైన చెప్పిన గుర్రం మాంసం బోర్డు మీద కనిపించేది ఇలాంటి చోట్లే, చూసుకుని అడగండి.

నేను చెప్పినవి మూసి ఉన్నా, నిండిపోయినా కంగారు పడకండి. ఊళ్లో పారే నది దాటి ఓల్త్రెతొరెంతె పేట వైపు వెళ్లండి. అక్కడ స్టూడెంట్లు, పాత కాపురాలు, చవక హోటళ్లు ఎక్కువ. గుమ్మం దగ్గర ఆగి ఈ గుర్తులు చూడండి:

- మెనూ ఒక పేజీ, మహా అయితే రెండు. నలభై రకాల పాస్తా ఉంటే ఫ్రిజ్‌లోంచి వస్తున్నట్టే.
- వంటకం పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే ఫ్రోజెన్ అని అర్థం. కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చేపకి ఉంటే సరే, తోర్తెల్లికి ఉంటే ముందుకి నడవండి.
- తోర్తెల్లి, అనొలీని ఉన్నాయా? పార్మాలో ఇవి లేకుండా "స్పగెత్తి బొలొనేజె", "ఫెత్తుచీనె అల్ఫ్రేదో" మాత్రమే ఉంటే అది టూరిస్టుల కోసమే పెట్టింది.
- ఫోటోల మెనూ, గుమ్మం దగ్గర పిలిచే మనిషి: వద్దు.
- 1:15కి లోపల ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్లు, ముసలి దంపతులు కనిపిస్తే లోపలికి వెళ్లిపోండి. స్టార్ రేటింగుల కంటే నేను దీన్నే నమ్ముతాను.

పిజ్జా కోసం మరీ ఆరాటపడితే రాత్రిపూట తినండి. చాలా పిజ్జేరియాల్లో పొయ్యి సాయంత్రమే వెలుగుతుంది.

## 5. ఆర్డర్ చేసే వరస

మెనూలో అంతిపాస్తి (మొదట తినే చిరుతిళ్లు), ప్రీమి (పాస్తా, సూప్), సెకొంది (మాంసం, చేప), కొంతోర్ని (పక్కన తినే కూరగాయలు), దోల్చి (స్వీట్లు) అని ఐదు భాగాలుంటాయి. ఐదూ తినాలని రూలు లేదు, ఇక్కడివాళ్లూ రోజూ తినరు. ఇద్దరికి సరిపోయే ఆర్డర్ చెప్తాను: ఒక ప్లేటు సలూమి, ఒక బుట్ట తోర్తా ఫ్రిత్తా మధ్యలో పెట్టుకుని పంచుకోండి, తర్వాత చెరొక పాస్తా. అంతే. కడుపులో చోటుంటే స్వీటు.

ఏ తోర్తెల్లి తీసుకోవాలో తేలకపోతే "త్రిస్ ది తోర్తెల్లి" అడగండి. ఆకుకూర, గుమ్మడికాయ, బంగాళాదుంప ఇలా మూడు రకాలు ఒకే ప్లేట్లో ఇస్తారు. కొన్నిచోట్ల "బిస్" అని రెండు రకాలు. సగం ప్లేటు చాలనుకుంటే "మెజ్జా పొర్త్సియోనె" అడగడంలో నామోషీ ఏం లేదు.

ఒక పాస్తా ప్లేటు తెప్పించి నలుగురూ నాలుగు ఫోర్కులతో తినడం మాత్రం ఇక్కడ ఎబ్బెట్టుగా ఉంటుంది. మనిషికొక ప్లేటు, మీలో మీరు రుచి చూపించుకోండి.

నీళ్లు ఊరికే రావు, సీసా కొనాలి. "నతురాలె" అంటే మామూలువి, "ఫ్రిజ్జాంతె" అంటే గ్యాస్ ఉన్నవి. మద్యం తాగేవాళ్లు లాంబ్రుస్కో అడగొచ్చు. చల్లగా, నురగగా ఉండే ఎరుపు వైన్, ఈ కొవ్వు తిండికి అదే సరిజోడు.

చీజ్‌ని కూరలో వేసేదిగా మాత్రమే చూడకండి. చిన్న ప్లేటు పార్మిజానో అడిగితే గడ్డలుగా విరిచి ఇస్తారు, చాకుతో ముక్కలుగా కోయరు. 24 నెలలది, 36 నెలలది పక్కపక్కనే పెట్టుకుని తినండి. పాతది పొడిపొడిగా విరుగుతుంది, పంటి కింద తెల్లటి పలుకులు కరకరలాడతాయి. అవి ఉప్పు కాదు, చీజ్ ముదిరేకొద్దీ లోపల కట్టే అమైనో ఆమ్లం స్ఫటికాలు. మన నాలుకకి ముదురుదే ఎక్కువ నచ్చుతుంది, చప్పదనం గురించి ఫిర్యాదు చేసేవాళ్లకి నేను ఇచ్చే మందు ఇదే.

## 6. మామూలుగా జరిగే పొరపాట్లు, అక్కడికక్కడే సర్దుకోవడం

చప్పగా ఉంది. "ఒలియో పిక్కాంతె" అడగండి, మిరపకాయలు నానిన నూనె ఉంటే తెచ్చిస్తారు. పిజ్జా మీద, టమాటా పాస్తా మీద వేసుకోండి. వెన్న తోర్తెల్లి మీద వేస్తే రెండూ పాడవుతాయి. బ్యాగులోంచి ఆవకాయ సీసా తీయడం గురించి నేనేమీ అనను, కానీ వంటవాడు చూస్తుంటాడు.

పాస్తా ఉడకలేదు. ఎండు పాస్తా కొంచెం పలుకుగా ఉండడమే ఇక్కడి పద్ధతి. పిల్లలకో పెద్దవాళ్లకో మెత్తగా కావాలంటే ఆర్డర్ చేసేటప్పుడే "బెన్ కొత్తా" అనండి. వచ్చాక తిరిగి పంపితే కుదరదు.

బిల్లులో ఆర్డర్ చేయనిది ఉంది. అది కొపెర్తో, మనిషికి ఇంత అని కూర్చున్నందుకు వేసేది, సాధారణంగా 2, 3 యూరోలు. మెనూలో రాసి ఉంటుంది. మోసం కాదు, గొడవ పడకండి. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే సంతోషిస్తారు.

బిల్లు తేవట్లేదు. వెయిటర్ మర్చిపోలేదు, మీరు అడిగేదాకా తేరు. "ఇల్ కొంతో, పెర్ ఫవోరె." చాలాచోట్ల లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి కట్టేయొచ్చు.

భోజనం చివర కాపుచీనో అడిగారు. ఇస్తారు, వింతగా చూస్తారు. తిన్నాక ఎస్ప్రెస్సో, అది కూడా స్వీటు అయిపోయాక. పాలు కావాలంటే "కఫే మక్కియాతో" మధ్యేమార్గం.

హోటల్ దొరకలేదు, ఆకలేస్తోంది. సలుమేరియాకి, అంటే సలూమి, చీజ్ అమ్మే కొట్టుకి వెళ్లండి. "ఉన్ ఎత్తో" అంటే 100 గ్రాములు. ఒక ఎత్తో ప్రొషూత్తో, ఒక ముక్క పార్మిజానో, పక్క బేకరీలో రొట్టె. శాకాహారులు రొట్టె, పండ్లు, రెన్నెట్ పట్టించుకోకపోతే చీజ్. డూకాలె పార్కులో బెంచీ మీద కూర్చుని తినండి. సగం హోటళ్లకంటే ఇదే నయం, ఖర్చూ తక్కువే.

## 7. బయల్దేరే ముందు చెక్‌లిస్ట్

- గుడ్డు, రెన్నెట్, పంది కొవ్వు, గొడ్డు మాంసం: ఇంట్లో ఎవరు ఏది తినరో రాసుకున్నారా?
- వారం సెలవు ఏ రోజో ఫోన్‌లో కనుక్కున్నారా?
- బుకింగ్ ఎన్ని గంటలకి? పదిహేను నిమిషాలకి మించి ఆలస్యమైతే ఫోన్ చేయాలి.
- రెండో చోటు, మూడో చోటు పేర్లు దగ్గరున్నాయా?
- తిరుగు రైలు టైము చూసుకున్నారా? రాత్రి భోజనం తొమ్మిదిన్నర దాకా సాగుతుంది.
- చీజ్ తయారీ చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, ముందుగా బుక్ చేసుకుని. పాలు విరగ్గొట్టే పని ఉదయంతో అయిపోతుంది, మధ్యాహ్నం వెళ్తే కడిగిన రాగి గంగాళాలు కనిపిస్తాయి.

జూన్‌లో వచ్చేవాళ్లకి ఒక మాట. జూన్ 23 రాత్రి సాన్ జొవాన్ని పండగ ముందురోజు. ఊరంతా ఆరుబయట బల్లలు వేసుకుని ఆకుకూర తోర్తెల్లి తింటారు, చుట్టుపక్కల పల్లెల్లో కూడా. ఆ రాత్రికి టేబుల్ కావాలంటే జూన్ మొదట్లోనే ఫోన్ చేయండి, సాయంత్రానికి పలుచటి స్వెటర్ ఒకటి పెట్టుకోండి.